పదహారో నిమిషం

"ముందు అది తీసెయ్," అన్నాడు జున్‌ఫెంగ్. "తర్వాత ఏడుద్దువుగాని."

హుయ్‌మిన్ ఏడవడం లేదు. ఏడుపు వచ్చినా కొంత నయంగా ఉండేది. సోఫా అంచున కూర్చుని ఫోను వంక చూస్తోంది. పదహారు నిమిషాల నలభై సెకన్ల దగ్గర వీడియో ఆగి ఉంది. తెర మీద ఒక పక్క ఎనిమిదేళ్ల కూతురు యాన్‌యాన్, నోరు సగం తెరిచి. ఇంకో పక్క కెనడా టీచరు, యాభై దాటిన మనిషి, కళ్లజోడు ముక్కు మీదికి జారి. కింద ఎర్ర గుండె బొమ్మ, దాని పక్కన అరవై మూడు అన్న అంకె.

ఆదివారం మధ్యాహ్నంలోగా క్లాసు వీడియోకి ముప్పై ఎనిమిది లైకులు తెచ్చుకుంటే నాలుగు క్లాసులు ఉచితమని చెప్పింది 'నీలి తిమింగలం' అనే ఆన్‌లైన్ ఇంగ్లీషు బడి కౌన్సెలర్ తాంగ్. శుక్రవారం సాయంత్రం ఉచిత క్లాసు అయింది. శనివారం మధ్యాహ్నానికే అరవై మూడు.

"తీస్తే లైకులన్నీ పోతాయి," అంది హుయ్‌మిన్.

అనేశాక గానీ తనేమందో తనకు తెలియలేదు. జున్‌ఫెంగ్ ఆమె వంక చూసిన చూపు పదకొండేళ్ల కాపురంలో ఎప్పుడూ చూసింది కాదు. కోపమైతే ఆమెకు అలవాటే. ఇది కోపం కాదు. ఎవరో పరాయి మనిషి ఇంట్లో కూర్చున్నట్టు చూశాడు.

"ఎవరెవరికి పంపావు?"

"మీ వాళ్ల గ్రూపుకి. మా వాళ్ల గ్రూపుకి. బడి తల్లుల గ్రూపుకి. ఆఫీసులో…"

"ఆఫీసుక్కూడానా!"

"అందరూ పంపుతారు జున్‌ఫెంగ్. పోయిన నెల మా మేనేజరు కొడుకు వీడియోకి నేను కొట్టలేదా లైకు? నువ్వు కొట్టలేదా? క్లాసు మొత్తం చూసి కొట్టావా నువ్వు?"

అదీ నిజమే. ఎవరూ చూడరు. పిల్ల ఏదో గడగడా మాట్లాడుతోంది, తెల్లావిడ నవ్వుతోంది, చాలు. గుండె బొమ్మ నొక్కి పక్కకు నెట్టేస్తారు. జెంగ్‌జౌ నగరంలో ఆ శీతాకాలం పిల్లలున్న ఇళ్లన్నీ ఒకరికొకరు పెట్టుకుంటున్న వాయనం అది. చూసింది ఒక్కతే, జున్‌ఫెంగ్ మేనకోడలు జింగ్‌యీ. వుహాన్‌లో ఇంగ్లీషు చదువుతోంది. ఆ పిల్ల ఊరికే చూడకుండా, పదహారో నిమిషం నుంచి పద్దెనిమిదో నిమిషం వరకు ప్రతి మాటా చైనీసులో రాసి మేనమామకు పంపింది. తోకగా ఒక వాక్యం కూడా తగిలించింది: "మావయ్యా, అమ్మకు చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను."

"మళ్లీ చదువు," అంది హుయ్‌మిన్.

"నువ్వే చదువుకో."

"నువ్వు చదువు. నా వల్ల కాదు."

జున్‌ఫెంగ్ కరెంటు బిల్లు చదివినట్టు చదివాడు.

"'మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?' టీచరు. 'అమ్మ, నాన్న, నేను, నైనై.' పిల్ల. 'నైనై అంటే బామ్మా? ఇప్పుడు ఎక్కడున్నారు బామ్మ?' 'నైనై బాల్కనీ.' 'మొక్కలకు నీళ్లు పోస్తున్నారా?' 'కాదు. ఇంగ్లీషు క్లాసు, నైనై బాల్కనీ. ప్రతి క్లాసు. నైనై మాట్లాడితే టీచరుకి ఇష్టం లేదు. అమ్మ చెప్పింది. నైనైకి చలి. నైనై దగ్గర క్యాబేజీలు ఉన్నాయి. తలుపు గడియ.'"

ఆగాడు.

"ఇక్కడ నీ గొంతు ఉంది."

ఉంది. ఆ గొంతుకు తర్జుమా అక్కర్లేదు, శుద్ధమైన చైనీసు. కెమెరాకు అందకుండా పక్క కుర్చీలో కూర్చున్న హుయ్‌మిన్, కూతురు ఎన్నడూ లేంది ఆగకుండా ఇంగ్లీషు మాట్లాడేస్తోందని పొంగిపోయి, "శభాష్! ఇంకా చెప్పు, ఇంకా చెప్పు!" అంటోంది. తెర అంచు నుంచి ఆమె బొటనవేలు లోపలికి వచ్చి, భేష్ అన్నట్టు పైకి లేచి, మళ్లీ వెళ్లిపోయింది.

టీచరు కళ్లజోడు పైకి తోసుకుంది. తర్వాత చిన్నగా, "మీ బామ్మ మాట వినాలని నాకు చాలా ఇష్టం అని చెప్పు," అంది. దానికి యాన్‌యాన్ తల అడ్డంగా ఊపి, "అమ్మ పక్కన ఉంది," అంది. ఆ మాటకు కూడా హుయ్‌మిన్ బొటనవేలు చూపించింది.

హుయ్‌మిన్‌కి తల కొట్టేసినట్టయింది. ఫోను బోర్లా పెట్టేసింది. పెట్టినంత మాత్రాన అరవై ముగ్గురి ఫోన్లు బోర్లా పడవు కదా.

పాపం, ఆమె రాక్షసేమీ కాదు. మూడు వారాల్లో ఐదు బడుల ఉచిత క్లాసులు చూసింది. ఒక బడిలో టీచరు పాఠం మధ్యలో శాండ్‌విచ్ తింది. ఇంకో దాంట్లో ఆరుగురు పిల్లల్ని ఒకే తెరలో ఇరికించారు, యాన్‌యాన్ వంతు వచ్చేసరికి గంట కొట్టారు. ఒక బడి బాగుందనుకుంటే, ఆ టీచరు యాస అసలుది కాదని ఆఫీసులో ఎవరో పెదవి విరిచారు. మొట్టమొదటి బడి క్లాసులో మాత్రం తప్పు బడిది కాదు. యాన్‌యాన్ తెర మీది ఏనుగును చూసి పేరు గుర్తు చేసుకుంటూ ఉండగా, వంటింట్లోంచి అత్తగారు తన పల్లెటూరి గొంతుతో, "ఒసే పిల్లా, గుడ్డు ఉడకెయ్యనా, అట్టెయ్యనా?" అని కేకేసింది. ఏనుగు ఎగిరిపోయింది. మర్నాడు బడి నుంచి నివేదిక వచ్చింది. ఐదు చుక్కల్లో పిల్ల ఉచ్చారణకు నాలుగు, చురుకుదనానికి నాలుగు, ఇంటి వాతావరణానికి రెండు.

ఇళ్లకు మార్కులేసే బడులు వచ్చాక కోడళ్లకు నిద్ర ఎక్కడిది?

ఆ రెండు చుక్కల మీద పుట్టింది బాల్కనీ. "అత్తయ్యా, క్లాసు జరిగే ఇరవై ఐదు నిమిషాలు…" అని హుయ్‌మిన్ నసిగితే, అత్తగారే మాట అందుకుని, "అదెంత పని, ఉల్లికాడలు అక్కడే ఒలుచుకుంటా," అని పీట తీసుకుని వెళ్లింది. ఇల్లంతా వెచ్చబెట్టే వేడి గొట్టాలున్నాయి గానీ బాల్కనీకి లేవు. జరిపే అద్దాల తలుపు. సరిగా పడదు, గాలికి దానంతటదే తెరుచుకుంటుంది. అందుకని గడియ.

ఫోను గుంయ్‌మంది. కౌన్సెలర్ తాంగ్.

"అమ్మా, శుభవార్త! మీ పాప మాట్లాడిన సమయాన్ని మా కంప్యూటరు లెక్కగట్టింది. పదహారో నిమిషం నుంచి పద్దెనిమిదో నిమిషం దాకా అద్భుతం! ఈ వారం వచ్చిన పిల్లలందరిలోకీ పాపే మొదటి స్థానం. ఈ భాగం మా తల్లిదండ్రుల గ్రూపుల్లో పెట్టుకోమంటారా?"

కింద మూడు చప్పట్ల బొమ్మలు.

"ఏమంటోంది?" అన్నాడు జున్‌ఫెంగ్.

"ఏం లేదు," అని హుయ్‌మిన్ "వద్దు" అని రెండుసార్లు రాసి పంపింది. తర్వాత వీడియో తీసేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. దాన్ని ఎంతమంది ఎక్కడెక్కడికి పంపుకున్నారో ఆ తాంగ్‌కి కూడా తెలియదు.

తలుపు గంట మోగింది. ఒకసారి కాదు, వేలు తియ్యకుండా.

జున్‌ఫెంగ్ అక్క, జింగ్‌యీ తల్లి షూచిన్ లోపలికి వచ్చింది. చెప్పులు మార్చుకోలేదు. భుజాన పెద్ద ఖాళీ సంచీ. ముందు బాల్కనీ దగ్గరకు వెళ్లి, గడియ పైకి లేపి, కిందికి వేసి, మళ్లీ లేపింది. ఆ చప్పుడు మూడుసార్లు వినిపించాక ఇటు తిరిగింది.

"కోళ్లను గంప కింద కమ్మేస్తారమ్మా ఇట్లా. మా ఊళ్లో కోళ్లనే కమ్మేవాళ్లం."

"వదినా, ఇరవై ఐదు నిమిషాలే…"

"ఇరవై ఐదు నిమిషాలకి గడియెందుకు?"

"తలుపు జారిపోతుంది వదినా. అక్కడే వాషింగ్ మెషిన్, దాని చప్పుడు…"

"మా అమ్మ మాటా, వాషింగ్ మెషిన్ చప్పుడూ ఒకటే అన్నమాట నీకు."

 అక్కడితో హుయ్‌మిన్ ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"పోయినేడాది మొత్తంలో మీ ఇంట్లో ఎన్ని రోజులుంచుకున్నారు వదినా మీ అమ్మని? తొమ్మిది రోజులు. పదో రోజు పొద్దున్నే మీ ఆయనే కారులో దింపి పోయాడు. ఇక్కడ ఎనిమిదేళ్లుగా ఉన్నారు. యాన్‌యాన్ పుట్టినప్పటి నుంచి."

"ఉంచుకున్నావా? చాకిరీ చేయించుకున్నావా?"

"అక్కా," అన్నాడు జున్‌ఫెంగ్.

"నువ్వు మాట్లాడకు. నీ కళ్లేమయ్యాయి? క్లాసు జరిగేటప్పుడు నువ్వు ఇంట్లో లేవా?"

జున్‌ఫెంగ్ ఉన్నాడు. శుక్రవారం సాయంత్రం పడకగదిలో చెవుల్లో పాటలు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. అంతకు ముందు క్లాసులప్పుడూ ఉన్నాడు. ఒకసారి బాల్కనీ అద్దం వెనక తల్లి తల కనిపిస్తే, ఏమ్మా అని అడుగుదామనుకున్నాడు. క్లాసు అయ్యాక అడుగుదాంలే అనుకున్నాడు. తర్వాత అన్నం తిన్నారు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నెమ్మదిగా," అన్నాడు. "పిల్ల లోపలుంది."

గది తలుపు మూసే ఉంది. పొద్దున్నుంచీ యాన్‌యాన్ బయటికి రాలేదు. ఆకలి లేదంది.

 షూచిన్ సంచీని కుర్చీ మీద వేసింది.

"అమ్మెక్కడ?"

"కింద, రోజూ డాన్సు చేసే బామ్మలతో," అన్నాడు జున్‌ఫెంగ్. "అక్కా, నా మాట విను. అమ్మకి చెప్పక్కర్లేదు. ఆమెకి ఇంగ్లీషు రాదు. వీడియో తీసేశాం. ఇంకెప్పుడూ బాల్కనీలోకి పంపం. అయిపోయింది."

"అయిపోయిందా?"

"ఆమెకి తెలిస్తే బాధపడేది ఆమే కదా. మనం బాధపడితే చాలదా?"

షూచిన్ ఏదో అనబోయింది. అంతలో తాళం తిరిగింది.

అత్తగారు చలికి ఎర్రబడిన బుగ్గలతో, చేతిలో డాన్సు విసనకర్రతో లోపలికి వచ్చింది. కూతుర్ని చూసి ముఖం విప్పారింది.

"షూసినా! ఎప్పుడొచ్చావే? సెప్పులిప్పలేదేంటి, ఇల్లంతా బురద. ఉండు, నూడుల్స్ పిండి కలిపే ఉంది, సిటికెలో సేత్తా." కోటు విప్పుతూనే మాట్లాడింది. "ఈయాల నేను కాలు కదిపితే ఒట్టు. అందరూ నా సుట్టూనే. ఆ ఈడియో మా డాన్సోళ్ల గ్రూపులో ఏశాగా! మా ఊళ్లో సెల్లెళ్లకి కూడా పంపా. నా మనవరాలు తెల్లావిడతో ఎట్టా మాటాడుద్దో సూడండే అని. ఒక్కటే అడుగుతున్నారంతా. నైనై, నైనై అంటంది గదా, నీ గురించి ఏం సెప్తందే అని."

షూచిన్ తమ్ముడి వంక చూసింది.

"నేను లెక్కెట్టా. ఆరుసార్లు అంది నన్ను. వూ వాళ్లావిడ మనవడు బీజింగులో సదువుతున్నాడంట, రేపొస్తాడంట, ఆడి సేత సెప్పిత్తానంది. ఆడెందుకే మజ్జన, ఇంట్లో మా కోడలు లేదా అన్నా." హుయ్‌మిన్ వైపు తిరిగింది. "ఏం సెప్తందమ్మా?"

 అత్తగారు అడుగుతున్నది తనను పట్టుకోవడానికి కాదు. నిజంగానే తెలుసుకుందామని అడుగుతోంది. కోడలికి ఇంగ్లీషు వచ్చని ఎనిమిదేళ్లుగా నమ్ముతోంది, ఎందుకంటే కోడలు ఆఫీసులో పనిచేస్తుంది.

"నీ వంట గురించమ్మా," అన్నాడు జున్‌ఫెంగ్ గబుక్కున. "మా నైనై చేసే నూడుల్స్ లాంటివి ఊళ్లో ఎక్కడా దొరకవని."

"పోరా!"

"నిజం."

అత్తగారు చేతిలో విసనకర్రతో నోరు కప్పుకుని నవ్వింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. "గోరంత పిల్ల, అంత మాటందా. తెల్లావిడ ఏమంది మరి?"

ఆ సంతోషాన్ని హుయ్‌మిన్ చూడలేకపోయింది. ఊరుకుంటే గండం గడుస్తుంది, రేపు సాయంత్రం దాకా. రేపు ఎవరి మనవడో వచ్చి, డాన్సు వాళ్లందరి మధ్యలో, ఈ నవ్వు ముఖం మీదే నిజం చెబుతాడు. కానీ అందుకు కూడా కాదు ఆమె నోరు విప్పింది. తను సిగ్గుపడాల్సిన చోట ఈ ముసలావిడ గర్వపడుతోంది. అది భరించలేకపోయింది.

"కాదు అత్తయ్యా. ఆయన అబద్ధం చెప్పాడు."

"హుయ్‌మిన్!" అన్నాడు జున్‌ఫెంగ్.

"టీచరు బామ్మ ఎక్కడని అడిగితే, బాల్కనీ గురించి చెప్పింది. క్లాసు జరిగేటప్పుడల్లా మా నైనై బాల్కనీలో ఉంటుందని. ఆమె మాట్లాడితే టీచరుకి నచ్చదని మా అమ్మ చెప్పిందని. చలేస్తుందని. నేను గడియ పెడతానని."

అంతా ఒక్క గుక్కలో చెప్పి ఆగిపోయింది. షూచిన్ కూడా నేల చూసింది, ఆ మాటలు మరదలి నోటి నుంచి వస్తాయనుకోలేదు.

అత్తగారు విసనకర్రను మడత మడతగా మూసింది. మెల్లిగా కుర్చీలో, కూతురు వేసిన ఖాళీ సంచీ పక్కన కూర్చుంది.

"బాల్కనీ సంగతి నాకు తెలవదా," అంది చివరికి. "కూసున్నది నేనేగా. దాందేముంది. ఊళ్లో ఇంతకంటే సలిలో కూసున్నాం." విసనకర్రను ఒళ్లో పెట్టుకుని, "మూడో బడప్పుడు, కలాసు అయిపోయినా పది నిమిసాలు నువ్వు తలుపు తియ్యలా. అద్దం మీద కొట్టా. ఇప్పటిదాకా నువ్వు మర్సిపోయావనే అనుకున్నా. మర్సిపోయావు గదా?"

ఆ పది నిమిషాల గురించి ఎవరికీ తెలియదు. జింగ్‌యీ రాసి పంపిన దాంట్లో లేదు, ఏ వీడియోలోనూ లేదు. అవునత్తయ్యా, మర్చిపోయాను అంటే సరిపోతుంది. మర్చిపోవడం తప్పు కాదు, ఎవరైనా మర్చిపోతారు. అత్తగారు ఆ జవాబును చేతికి అందించినట్టే అడిగింది.

"వినిపించింది," అంది హుయ్‌మిన్.

"ఏంది?"

"మీరు కొట్టడం వినిపించింది అత్తయ్యా. ఆ బడి కౌన్సెలరు ఫోనులో ఉంది. తలుపు తీస్తే మీరేదో అంటారు, ఆవిడకి వినపడుతుంది… అందుకని ఫోను అయ్యేదాకా తియ్యలేదు."

జున్‌ఫెంగ్ రెండు చేతుల్తో ముఖం రుద్దుకున్నాడు. షూచిన్ "ఛీ" అంది, కానీ ఆ మాటలో ఇందాకటి బలం లేదు.  నిజం చెబితే బరువు దిగుతుందంటారు. హుయ్‌మిన్‌కి ఎక్కడా దిగలేదు.

గది తలుపు తెరుచుకుంది. యాన్‌యాన్ గడప దగ్గర నిలబడింది. ఎంతసేపటి నుంచి వింటోందో. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

"నైనై, నాదే తప్పు. నేను చెప్పకుండా ఉండాల్సింది."

"ఇట్టా రా," అంది నైనై. పిల్ల వచ్చి మోకాళ్ల దగ్గర నిలబడింది. "నిన్నేం కొట్టన్లే. ఒక్కటి సెప్పు. నాకు సలేత్తందని మీ నాన్నకి సెప్పొచ్చు, మీ మేనత్తకి సెప్పొచ్చు. ఊరూ పేరూ తెలవని ఆ దొరసానికెందుకు సెప్పావే?"

యాన్‌యాన్ తల్లి వంక చూడలేదు. నైనై చొక్కా గుండీనే చూస్తూ చెప్పింది.

"టీచరు చెబితే అమ్మ వింటుందని."



హుయ్‌మిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడు వారాలుగా కూతురు నోట ఇంగ్లీషు మాట ఒక్కటి రావాలని ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగింది! వచ్చింది. తనకు చెప్పాల్సిన మాటే, తనకు అర్థం కాని భాషలో, తన పక్కనే కూర్చుని చెప్పింది.

అత్తగారు మనవరాలి జుట్టు చెవి వెనక్కి సర్ది లేచింది.

"ఆ బడిలోనే ఎయ్యి పిల్లని," అంది కోడలితో. "ఎతుకులాట ఆపు ఇంక. ఆవిడ నా గురించి అడిగింది గదా, మంచి మనిసే." తర్వాత విప్పిన కోటు మళ్లీ తొడుక్కుంది. గుండీలన్నీ పెట్టుకుని కూతురు వైపు తిరిగింది. "సంచీ తెచ్చావు గదే. నావి రెండు జతలున్నాయి, అంతే. పద."

షూచిన్ సంచీని చేతిలోకి తీసుకుంది. తీసుకుని, దాని పట్టీని అటూ ఇటూ తిప్పింది.

"ఇవాళేనా అమ్మా?"

"మరి?"

"కాదు… తీసుకెళ్దామనే వచ్చాను. ఒట్టు. జింగ్‌యీకి బుధవారం నుంచి సెలవులు. ఆ గది దానిది కదా. ఆయనకి ఇంకా చెప్పలేదు. కోపంలో బయల్దేరొచ్చేశాను… ఒక్క రెండు రోజులు, ఆయనకి చెప్పి, గది సర్ది…"

ఆమె మాట పూర్తి కాలేదు. మామూలుగా అయితే ఈ చోట హుయ్‌మిన్ వదినను నాలుగు మాటలు అని ఉండేది. అనడానికి ముఖం చెల్లలేదు. ఉండండి అత్తయ్యా అనడానికి అంతకంటే చెల్లలేదు. జున్‌ఫెంగ్ అక్క వంక చూశాడు, భార్య వంక చూశాడు. ఎవరో ఒకరు ముందు మాట్లాడితే దానికి అవునందామని కాచుకున్నాడు.

అత్తగారు కోటు తొడుక్కుని, నడి గదిలో, వేడి గొట్టం పక్కన నిలబడి ఉంది. నుదుటి మీద చెమట పడుతోంది. కొడుకును చూసింది, కూతుర్ని చూసింది, కోడలిని చూసింది.

"అయితే నేనెక్కడ కూసోవాలో సెప్పండి," అంది.

కోపంగా అనలేదు. దారి అడిగినట్టు అడిగింది.